కొలత గాజు

అల్లూరులో షట్టరు దించి బయల్దేరేసరికి ఇంకా చీకటి.
ఫిషరీస్ ఆఫీసు పిల్లవాడు అడిగింది ముప్పై ఫోటోలు.
"వలల్లో పడ్డవి పది, ఇసకలో పడ్డవి ఇరవై.
పక్కన ఏదో ఒకటి పెట్టండన్నా, సైజు తెలియాలి."
పెళ్లిళ్లు తీసినవాణ్ణి, సమర్తలు తీసినవాణ్ణి,
స్టేషను నుంచి కబురొస్తే
రైలు పట్టాల పక్కన ఊపిరి బిగబట్టి తీసినవాణ్ణి.
ఇదేం పని, అనుకున్నా.

ఇసకపల్లిలో అల వెనక్కి పోయింది గాని
అది తెచ్చినవి పోలేదు.
సరుగుడు తోపు నుంచి పడవల దాకా
ఎవరో ఒలిచి పారబోసిన ముంజెల్లాగా, వేలకు వేలు.
వంగి చూస్తే ఒక్కోదానికీ
ఊదారంగు పరికిణీ కుచ్చిళ్లు,
కుచ్చిళ్ల కింద దారాలు.

మోకాళ్ల మీద కూచుని మొదటిది తీశాను.
తెర మీద ఇసక వచ్చింది.
ఎండ్రకాయ తవ్విన బొక్క వచ్చింది,
ఎవరిదో చెప్పు అచ్చు, నంబరుతో సహా వచ్చింది.
అది మాత్రం రాలేదు.
ఫ్లాష్ కొడితే తెల్ల మరక.
ఫ్లాష్ ఆపితే దాని బదులు నా తల నీడ.
ముప్పై ఏళ్లుగా నేర్చిందంతా
వెలుగుని ఆపే మొహాల మీద.
అడ్డు నిలవని ఒంటితో
"గడ్డం కాస్త పైకెత్తమ్మా" అని ఎట్టా చెప్పేది?

పొద్దెక్కే కొద్దీ అవి తగ్గుతున్నాయి.
ఇందాక పళ్లెమంత ఉన్నది
లెన్సు తుడుచుకుని చూసేలోగా సాసరంత.
ఇంకొంచెం సేపటికి
ఇసక మీద గంజి ఆరిన చార.
చచ్చిపోవడం కాదది,
మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో లేచిపోవడం.

"ఏందయ్యా, సొరికి పటం కట్టిస్తావా?"
వల విదిలిస్తా నవ్వింది కావేరమ్మ.
ఆమె మొగుడు చెంగయ్య నవ్వలేదు,
చిక్కు పడ్డ కాడల్లా కత్తితో వల కోస్తున్నాడు.
వల నిండా అదే. చేప పొలుసు ఒక్కటి లేదు.
"నాలుగు దినాలుగా ఇంతే.
సంద్రం మాకు గంజి వారుస్తండాది, మెతుకు లేకుండా."

కొలతకు రూపాయి బిళ్ల ఉందా అన్నాను.
నా జేబులో అన్నీ నోట్లే.
"రూపాయుంటే నీతో ఎందుకు మాట్లాడతా" అని
కొంగు ముడి విప్పి గాజు ఇచ్చింది.
ఎర్రది. మట్టిది. ఒక్కటే.

గాజు బాగా వచ్చింది.
గాజు పక్కన, వెలుగు కొంచెం తడబడిన చోటు,
అదే సొరి అనుకోవాలి ఆఫీసోళ్లు.
వలలో అంతే, ఇసకలో అంతే.
ఇరవై తొమ్మిది తీశాను,
ఇరవై తొమ్మిది ఎర్ర గాజులు.

తిరిగి ఇవ్వబోతే
"ఇప్పుడెట్టా ఎక్కుద్దయ్యా" అని చెయ్యి చాపింది.
మణికట్టు నుంచి మోచేతి దాకా వాపు.
వాపు మీద
ఒక్కో దారం, ఒక్కో మెలిక,
దారం దారాన్ని దాటిన చోట చిన్న ముడి,
పొద్దుట్నుంచీ నాకు చిక్కనిదంతా
ఎర్రగా, తేటగా, ఫోకస్ తప్పకుండా.

కెమెరా ఎత్తాను.
కొంగు కప్పుకుంటుందనుకున్నా. కప్పుకోలేదు.
"చెయ్యి ఫోటోకి డబ్బులొస్తయ్యా, సొరి ఫోటోకా?"
ఆఫీసు కాయితంలో పడవకి గడి ఉంది, వలకి గడి ఉంది.
చెయ్యికి లేదు.
ఆ మాట చెప్పలేదు నేను.
ముప్పయ్యోది నొక్కాను.

అప్పుడు నోరు తెరిచాడు చెంగయ్య,
నాతో కాదు, ఆమెతో,
కత్తి మీంచి కళ్లెత్తకుండా:
"ఉప్పునీళ్లే పోసుకో.
మంచినీళ్లు పొయ్యబాక, ఇంకా మండుద్ది."

అల్లూరు వచ్చాక షట్టరెత్తి
తాళాల కోసం తడుముకుంటే
జేబులో గాజు.
వాపు తగ్గడానికి ఎన్నాళ్లు పడుతుందో
ఆమెను అడగలేదు.